సూరత్ నీరా: గుణం, వేళ, పక్కన వడ్డించే వంటకాలు

దక్షిణ గుజరాత్‌లో తాటిచెట్ల నుంచీ ఈతచెట్ల నుంచీ రాత్రివేళ దించి, పులవకముందే తాగే తీపి రసం నీరా. సూరత్‌లో నీరో అని అడిగితే ఇస్తారు. చలికాలం ఉదయం పూట నీరా కేంద్రాల దగ్గర గ్లాసుల్లో పోస్తారు, ఇంటికి కావాలంటే సీసాల్లో నింపుతారు. ఎండ ఎక్కేసరికి అమ్మకం ముగుస్తుంది. మద్యనిషేధం ఉన్న ఈ నగరంలో ఏ చెట్టు, ఏ రాత్రి, ఎంత చలి అన్న తేడాలన్నీ గ్లాసులో తెలిసిపోయే పానీయం ఇది. చాలామంది దాహానికనో, చలవ చేస్తుందనో గడగడా తాగి వెళ్లిపోతారు. అలా తాగినా బాగానే ఉంటుంది గాని, పక్కన తగిన తిండి ఉన్నప్పుడు ఇదే నీరా రెండింతలు రుచిగా ఉంటుంది. వైన్ తెలిసినవాళ్లు ఒక సీసాను అంచనా వేసేటప్పుడు తీపి, పులుపు, వగరు, చిక్కదనం, వాసన అనే ఐదు గుణాలు చూస్తారు. ఆ ఐదింటినీ నీరాలో గమనిస్తే ఏ వంటకంతో జత కుదురుతుందో, దేనితో కుదరదో ఎవరికైనా అర్థమవుతుంది.

సూరత్‌లోని తెలుగువాళ్లకు ఈ చెట్టు కొత్తది కాదు. లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల మీద బతికే కుటుంబాల్లో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు. తాటికల్లు, ఈతకల్లు తేడా వాళ్ల పెద్దలకు బాగా తెలుసు. రసాన్ని పులవనివ్వకుండా తాగడం, దాన్ని లేత జొన్నగింజలతో కలిపి తినడం మాత్రం సూరత్ నేర్పిన అలవాటు.

చెట్టు, కుండ, సున్నం

నీరా రుచి సగం చెట్టు మీదే తేలిపోతుంది. తాటిచెట్టుకు పూగెల గీస్తారు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు వేసుకుని పైకి ఎక్కి, గెలను కర్రలతో కొన్నాళ్లపాటు మెల్లగా ఒత్తి, కొసను రోజూ పలచగా చెక్కి, కింద కుండ కడతాడు. పోతుతాడు నుంచీ పండుతాడు నుంచీ కూడా రసం వస్తుంది. ఈతచెట్టు పద్ధతి వేరు. మట్టల కింద, తలకు దగ్గరగా కాండాన్నే ఒక పక్క చెక్కి నున్నగా చేస్తారు. ఆ చెక్కిన ముఖం మీద ఊరిన రసం చిన్న గొట్టం వెంట కుండలోకి జారుతుంది. కాండానికే గాయం అవుతుంది కాబట్టి ఈతచెట్టుకు మధ్యమధ్య విరామం ఇవ్వాలి. విరామం తర్వాత మొదటి రాత్రి దిగే రసం అన్నిటికంటే తేటగా, తియ్యగా ఉంటుంది. బెంగాల్‌లో ఆ మొదటి రాత్రి రసాన్ని జిరాన్ అని విడిగా పిలిచి, మేలురకం బెల్లానికి కేటాయిస్తారు. రెండో రాత్రి, మూడో రాత్రి రసాల్లో తీపి తగ్గుతూ పోతుంది. ఒకే కేంద్రంలో వారం వారం రుచి మారడానికి ఇదొక కారణం. అమ్మేవాళ్లు నీళ్లు కలిపారని ప్రతిసారీ అనుమానించనక్కర్లేదు.

రెండో కారణం చలి. చెట్టు నుంచి దిగే రసంలో నూటికి 10 నుంచి 14 పాళ్లు చక్కెర ఉంటుంది, అందులో ఎక్కువ భాగం చెరకులో ఉండే సుక్రోజే. గాలిలో, చెక్కిన ముఖం మీద, కుండలో ఉండే ఈస్టు దాన్ని వెంటనే పట్టుకుంటుంది. వెచ్చని రాత్రి అయితే తెల్లవారేసరికే పులుపు మొదలవుతుంది. జనవరిలో సూరత్ రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ఆ చలిలో ఈస్టు మందగిస్తుంది, రసం తేటగా నిలుస్తుంది. వేసవిలో కూడా తాటిచెట్టు రసం ఇస్తుంది గాని, దాన్ని నీరాగా కాపాడటం చాలా కష్టం. డిసెంబరు, జనవరి నెలల నీరాను సూరత్ వాళ్లు గొప్పగా చెప్పుకోవడం వట్టి అభిమానం కాదు.

చలికి తోడు సున్నం ఉంది. కుండ లోపల తడిసున్నం పూస్తారు. అది రసాన్ని క్షారగుణం వైపు తిప్పి, ఈస్టునూ పుల్లబెట్టే బ్యాక్టీరియానూ అణచిపెడుతుంది. దించిన తర్వాత రసాన్ని వడకట్టి, చల్లబరచి కేంద్రాలకు పంపుతారు. సున్నం తగినంత ఉంటే రుచిలో తెలియదు. ఎక్కువైతే నాలుక మీద సుద్ద పట్టినట్టుంటుంది, గ్లాసు అడుగున తెల్లటి మడ్డి నిలుస్తుంది. తక్కువైతే కాస్త నురగ, ముక్కుకు ఘాటు. సున్నం పాలు సరిగ్గా చూసుకున్న కుండ నుంచి వచ్చిన నీరాను ఒకసారి రుచి చూస్తే గీత కార్మికుడి పనితనం ఎంతటిదో తెలుస్తుంది. ఈ నైపుణ్యానికి దక్కాల్సినంత గౌరవం ఇంకా దక్కలేదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

ఇదే రసం కొన్ని గంటలు గడిస్తే కల్లు. సున్నం, చలి లేకపోతే చక్కెర ఆల్కహాలుగా మారుతుంది. అది నూటికి 4, 5 పాళ్ల దాకా చేరుతుంది. ఇంకా ఉంచితే పుల్లని కాడి అవుతుంది. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం 1960 మే 1న గుజరాత్ వేరు రాష్ట్రంగా ఏర్పడ్డాక కూడా కొనసాగింది. పులవకుండా శుద్ధి చేసిన పాత్రల్లోకి దించిన, పులవని రసాన్ని ఆ చట్టం నీరాగా వేరుచేసి చూస్తుంది. దాన్ని తీయడానికీ అమ్మడానికీ లైసెన్సు ఉండాలి. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: నీరా లైసెన్సున్న కేంద్రంలోనే కొనాలి, పులిసిన రసాన్ని ఇంట్లో దాచకూడదు. తెలంగాణలో కల్లు దుకాణం చట్టబద్ధం, సూరత్‌లో అదే కల్లు నేరం.

ఈ గీత వెనక సూరత్ జిల్లాకు పెద్ద చరిత్రే ఉంది. 1878 అబ్కారీ చట్టం వచ్చాక కల్లు గీత మీద సర్కారు పన్ను గట్టిగా బిగిసింది. దుకాణాలు చాలావరకు పార్సీ వ్యాపారుల చేతుల్లో ఉండేవి. ఆదివాసీ రైతులు అప్పులపాలై భూములు పోగొట్టుకున్నారు. 1922లో ఆ గ్రామాల్లో దేవి ఉద్యమం లేచింది. ఊళ్లకు ఊళ్లు కల్లు, సారా మానేస్తామని ఒట్టు పెట్టుకున్నాయి. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ 1987లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో దండి చుట్టుపక్కల కల్లు తీసే ఈతచెట్లను నరికే కార్యక్రమం కూడా సాగింది. తర్వాతి సంవత్సరాల్లో గాంధీ ఆలోచన చెట్టును నిలబెట్టే వైపు మళ్లింది. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తాటిబెల్లం తయారీని ప్రోత్సహించింది. గీత కార్మికుడి బతుకు నిలవాలంటే పులవని రసానికీ బెల్లానికీ గిరాకీ రావాలన్నది ఆ ఆలోచనలోని బలం. తెలంగాణ ప్రభుత్వం 2019లో నీరా విధానం తెచ్చి, 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచినప్పుడు కూడా ఆధారం ఇదే ఆలోచన.

గ్లాసులో ఏముంది

మొదట తీపి. చెరకురసంతో పోలిస్తే నీరా తీపి పలచన, నాలుక మీద త్వరగా జారిపోతుంది. పులుపు దాదాపు శూన్యం, వగరు అసలు లేదు. చిక్కదనం నీళ్లకంటే కొంచెం ఎక్కువ, పట్టులా జారే తీరు. వాసన చాలా మృదువు. తాటి నీరాలో లేత ముంజె వాసన లీలగా ఉంటుంది, ఈత నీరాలో పండిన ఈతపండు వాసన ఇంకొంచెం స్పష్టం. చల్లగా ఉన్నప్పుడు ఆ వాసన అణిగి ఉంటుంది. నోట్లో ఒక్క క్షణం నిలిపి మింగితే పైకి తేలుతుంది. గ్లాసు నిండా ఐసు వేసుకుంటే ఆ కాస్త వాసన కూడా పోతుంది, రసమూ పలచబడుతుంది. చల్లబరచిన నీరాకు ఐసు అక్కర్లేదు.

ఈ ఐదు గుణాల్లో జతను నిర్ణయించేది పులుపు లేకపోవడం. పులుపు లేని తీపి ఒక్కటే తాగుతూ పోతే రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది. కాబట్టి పులుపు, ఉప్పు, కారం, కాల్చిన వాసన పళ్లెంలోంచి రావాలి. ఒక చిలీ ఎర్ర వైన్‌తో పోల్చి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. కార్మెనేర్ అనే ద్రాక్ష మొదట ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానిది. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు అక్కడి తోటలను తినేశాక అది దాదాపు కనుమరుగైంది. అంతకుముందే చిలీకి చేరిన తీగలు అక్కడ మెర్లో అనే మరో ద్రాక్షగా చలామణి అయ్యాయి. 1994 నవంబరు 24న ఫ్రెంచ్ ద్రాక్ష శాస్త్రవేత్త జాఁ మిషెల్ బూర్సికో మైపో లోయలో, కార్మెన్ సంస్థ తోటలో వాటిని అసలు పేరుతో గుర్తించాడు. ముదురు ఎరుపు రంగు, మెత్తని వగరు, మిరియాల ఘాటు, పచ్చి క్యాప్సికమ్‌ను తుంచినప్పటి వాసన దాని లక్షణాలు. ఆ పచ్చివాసనకు కారణం పిరజీన్లు అనే పదార్థాలు. ద్రాక్ష ఆలస్యంగా, బాగా పండేదాకా ఆగి కోస్తే అది తగ్గుతుంది. చిలీలో ఈ వైన్‌ను కాల్చిన మాంసంతోనూ, లేత మొక్కజొన్న రుబ్బి మాంసం మీద పరిచి కాల్చే పాస్తెల్ దె చోక్లోతోనూ తీసుకుంటారు. వైన్‌లోని వగరు మాంసపు కొవ్వును, మాంసకృత్తులను పట్టుకుంటుంది. లేత గింజల తీపి దాని ఘాటును సర్దుతుంది.

కానీ పచ్చిమిర్చి దంచి వేసిన వంటకం ముందు ఆ వైన్ నిలవదు. ఆల్కహాలు మంటను పెంచుతుంది, వగరు నోటిని ఇంకా ఎండబెడుతుంది. నీరాలో ఆ రెండూ లేవు. చల్లదనం, తీపి రెండూ కారాన్ని చల్లారుస్తాయి. పచ్చిమిర్చి, పచ్చి వెల్లుల్లి, నిమ్మ, శనగపిండి మీద నడిచే సూరత్ వంటకు, కారం మీద నడిచే తెలుగు వంటకు నీరా వైన్ కంటే మంచి జత. లేత గింజతో పానీయాన్ని కలిపే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. చిలీకి కూడా తనదైన తాటిజాతి చెట్టు ఉంది. దాని రసాన్ని కాచి తేనెలాంటి పాకం చేస్తారు. 1834లో అక్కడికి వెళ్లిన డార్విన్, రసం కోసం ఆ చెట్లను నరికి పడేయడం చూసి రాశాడు. చెట్టును బతికించి ఏటేటా రసం తీసే మన గీత విద్య ఎంత విలువైనదో ఆ పోలికలో తెలుస్తుంది.

పోంక్‌తో నీరా

సూరత్‌లో నీరాకు మొదటి జత పోంక్. పాలు పట్టిన లేత జొన్నకంకులను గుంటలో వేడి బూడిద మధ్య పెట్టి కాల్చి, గుడ్డలో చుట్టి కర్రతో కొడితే పచ్చగా, మెత్తగా రాలే గింజలే పోంక్. తెలంగాణ పల్లెల్లో ఊస బియ్యం తిన్నవాళ్లకు ఈ రుచి వెంటనే పట్టుబడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తాపీ ఒడ్డున, ఆడాజణ్ వైపు, పోంక్ దుకాణాలు వరుసగా వెలుస్తాయి. నీరా కాలం, పోంక్ కాలం ఒకటే. రెండూ తాజాదనం మీదే బతుకుతాయి. పోంక్ కూడా ఉదయం కొన్నది సాయంత్రానికి గట్టిపడుతుంది.

పోంక్‌ను ఉత్తగా తినరు. నిమ్మ, మిరియాలు వేసిన సన్న సేవ్, వెల్లుల్లి సేవ్ కలుపుతారు. కొందరు చక్కెర పూసిన తెల్లటి గుండ్లు కూడా కలుపుతారు. నీరా పక్కన ఉన్నప్పుడు ఆ చక్కెర గుండ్లు మానేయడమే మంచిది. తీపి మీద తీపి పడితే పోంక్‌లోని పాలతీపి, నీరాలోని ఈతపండు వాసన రెండూ అణిగిపోతాయి. నిమ్మ మిరియాల సేవ్ మాత్రం తప్పనిసరిగా ఉండాలి. నీరాకు లేని పులుపును అదే తెస్తుంది. ముందు ఒక గుక్క నీరా తాగి నోరు తడుపుకోవాలి. తర్వాత గుప్పెడు పోంక్, దానిమీద సేవ్. నమిలి మింగాక రెండో గుక్క. అప్పుడు కాల్చిన జొన్న వాసన, బూడిద మీంచి వచ్చిన కమ్మదనం ముందుకు వస్తాయి, నీరా తీపి తెరిపిగా వాటి వెనక నిలుస్తుంది. ఈ క్రమంలో తిన్నవాళ్లు మళ్లీ నీరాను ఒంటరిగా తాగడానికి ఇష్టపడరు. ఇంత తక్కువ ఖర్చులో, ఏ హంగూ లేకుండా, ఇంత చక్కగా కుదిరే జత మన దేశంలో చాలా అరుదు.

పోంక్ వడలు ఇంకో మెట్టు. లేత జొన్న, శనగపిండి, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపి నూనెలో వేయిస్తారు. వడ వేడిగా, నీరా చల్లగా ఉండాలి. నూనెను కోసే పులుపు నీరాలో లేదు కాబట్టి వడ మీద నిమ్మ పిండుకోవడం, పక్కన పచ్చి చట్నీ పెట్టుకోవడం అవసరం.

సూరత్ పళ్లెంలో మిగతావి

ఉదయం దొరికేవాటిలో లోచో బాగా కుదురుతుంది. నానబెట్టి రుబ్బిన శనగపప్పును ఆవిరి మీద ఉడికించి, మెత్తగా ఉండగానే నూనె, మసాలా, సేవ్, ఉల్లిపాయ వేసి ఇస్తారు. ఉప్పు, కారం, నిమ్మ అన్నీ అందులోనే ఉన్నాయి. వెన్న దట్టంగా వేసిన లోచో కంటే మామూలు నూనె లోచో నీరాకు మేలు. శనగపప్పుతోనే చేసే సేవ్ ఖమణీలో చక్కెర ఎక్కువైతే వదిలేయాలి. డుమస్ తీరంలో పేరున్న కంద పూరీ మరో మంచి జత: ఊదా రంగు కందను చక్రాలుగా కోసి, శనగపిండిలో ముంచి, పైన దంచిన ధనియాలు, మిరియాలు అద్ది వేయిస్తారు. ఆ మిరియాల ఘాటు మీద నీరా పడితే నోరు హాయిగా చల్లబడుతుంది.

ఊంధియు విషయంలో మాత్రం ఆచితూచి నడవాలి. సూరత్ పద్ధతి ఊంధియులో పాపడీ చిక్కుళ్లు, కంద, మెంతి ముఠియా, కొబ్బరి, పచ్చి వెల్లుల్లితో పాటు కొంత చక్కెర, బాగా నూనె ఉంటాయి. మధ్యాహ్నం పూరీలతో తినే వంటకం అది. దాని పక్కన నీరా బరువు మీద బరువు. అదే కూరగాయలను నూనె లేకుండా, వాముతో, మూసిన మట్టికుండలో మంట మధ్య మగ్గించే ఉంబాడియు వలసాడ్, నవ్‌సారీ దారుల్లో దొరుకుతుంది. పొగవాసన పట్టిన ఆ చిక్కుడుకాయలకూ కందకూ నీరా ఎంతో బాగుంటుంది, చల్లారాక కూడా.

సూరత్ బేకరీలకూ ఈ చెట్టుకూ పాత చుట్టరికం ఉంది. డచ్చివాళ్ల కాలంలో ఇక్కడి రొట్టెను కల్లుతో పులియబెట్టేవారని, మిగిలిన రొట్టె ఎండి గట్టిపడితే అది కూడా జనానికి నచ్చి బతాసాగా స్థిరపడిందని నగరంలో చెప్పుకుంటారు. 1861 నుంచి నడుస్తున్నట్టు చెప్పే దోటీవాలా బేకరీ పేరు ఈ కథతోనే ముడిపడి ఉంది. జీలకర్ర, ఉప్పు వేసిన గట్టి సూరతీ బతాసా నీరా పక్కన పెట్టుకోవడానికి సులువైనది, ప్రయాణంలో కూడా పనికొచ్చేది. పార్సీల అకూరీ, అంటే ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీరతో వేయించిన గుడ్డు, ఉదయం నీరాకు చక్కని మాంసాహార జత. వేయించిన బూమ్లా చేప కూడా అంతే, ఉప్పు కాస్త ముందుంటే.

తెలుగు ఇళ్ల వంటలు

నీరా కాలంలోనే సంక్రాంతి వస్తుంది. సూరత్ గాలిపటాల పండుగ రోజు నగరమంతా జిలేబీ, ఊంధియు కోసం బారులు తీరితే, తెలంగాణ ఇళ్లలో సకినాలు ఉంటాయి. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు తప్ప ఇంకేమీ లేని ఆ కరకరలు నీరాకు అచ్చంగా సరిపోతాయి. నువ్వుల కమ్మదనం నీరా తీపిని గుండ్రంగా చేస్తుంది, వాము ఘాటు మొహం మొత్తనివ్వదు. సర్వపిండి ఇంకా మంచిది. పల్లీలు, నువ్వులు, ఎండుకారం, కరివేపాకు కలిపిన బియ్యప్పిండిని గిన్నె గోడలకు ఒత్తి, వేళ్లతో గుంతలు చేసి కాల్చినప్పుడు అడుగున పట్టే ఎర్రటి పొర ఉంటుంది. ఆ మాడీ మాడని వాసనే పోంక్‌లో బూడిద చేసే పనిని ఇక్కడ చేస్తుంది.

జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు, పక్కన నీరా పెట్టుకుంటే అదే ఉదయపు భోజనం. తొక్కులో చింతపండు ఉండాలి. కోస్తా ఇళ్లలో గారెలు, అల్లం పచ్చడి ఇదే లెక్కకు వస్తాయి. అల్లం పచ్చడిలో బెల్లం మాత్రం తగ్గించుకోవాలి. ఉప్మాతో అయితే నీరా చప్పబడుతుంది, పక్కన నిమ్మకాయ ఊరగాయ ఉంటే తప్ప. గోంగూర పచ్చడి పులుపు నీరాను బాగా నిలబెడుతుంది, కాకపోతే అది అన్నంతో, పగటిపూట తినేది. ఆ వేళకు నీరా ఇంకా తాజాగా ఉందో లేదో చూసుకోవాలి.

జిలేబీ, ఘారీ, సుతర్‌ఫేణీ వంటి మిఠాయిలతో నీరా వద్దు. వాటి ముందు నీరా నీళ్లలా అనిపిస్తుంది. టీ, కాఫీ తాగిన వెంటనే కూడా వద్దు. ఆ చేదు నోట్లో ఉన్నంతసేపూ నీరాలోని సన్నని వాసన అందదు.

కొనడం, పరీక్షించడం, దాచడం

తెల్లవారాక ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. పాత్ర చల్లగా, మూతపెట్టి ఉండాలి. మంచి నీరా తేటగా, లేదా కొద్దిగా మసకగా ఉంటుంది. పాలలా తెల్లబడితే పులుపు మొదలైనట్టే. అంచు వెంట సన్నని బుడగలు నిలకడగా లేస్తుంటే, నాలుక చివర చురుక్కుమంటే వదిలేయాలి. చెంచాతో ఎత్తితే తీగలా సాగితే బ్యాక్టీరియా జిగురు పుట్టించినట్టు లెక్క, అదీ పనికిరాదు. ఇంట్లో అనుమానం వస్తే వేడి పాలలో రెండు చెంచాల నీరా వేసి చూడవచ్చు. పాలు విరిగితే నీరా పులిసింది.

పచ్చి ఈతరసం విషయంలో ఒక జాగ్రత్త ముఖ్యం. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి పదేపదే కనిపించిన నిపా వైరస్ కేసుల్లో చాలావాటికి గబ్బిలాలు రాత్రి చెట్టు మీద నాకిన పచ్చిరసం కారణమని తేలింది. అక్కడ కుండకూ చెక్కిన భాగానికీ వెదురు తడిక అడ్డం కట్టే పద్ధతిని ప్రచారం చేశారు. దారి పక్కన మూతలేని కుండలోంచి ముంచి ఇచ్చే రసం ఎంత తియ్యగా ఉన్నా తాగకూడదు. కుండను కప్పి దించి, వడకట్టి, చల్లబరచి అమ్మే కేంద్రానికే వెళ్లాలి.

నీరా చలవ వస్తువు, బలం ఇస్తుంది అనే మాటల్లో నిజం ఉండొచ్చు గాని అందులో చక్కెర ఉందన్న సంగతి వాటివల్ల మరుగున పడకూడదు. 250 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే సుమారు 6 చెంచాలు. మధుమేహం ఉన్నవాళ్లు దీన్ని పండ్లరసం లెక్కలోనే చూడాలి. పొటాషియం కూడా చెప్పుకోదగ్గంత ఉంటుంది కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడిగి తాగాలి. మిగతావాళ్లకు ఉదయం తిండితో ఒక గ్లాసు చాలు.

ఇంటికి తెచ్చేటప్పుడు సీసాను ఐసు పెట్టెలో పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో వెనక భాగాన, 4 డిగ్రీలకు దగ్గరగా ఉంచి ఆరోజే తాగేయాలి. సీసాను గొంతుదాకా నింపి బిగించకూడదు. పులవడం మొదలైతే లోపల వాయువు పుట్టి మూత ఎగిరిపోతుంది.

మిగిలిన తాజా నీరాను పారబోయనక్కర్లేదు, అది ఇంకా పులవకముందే పొయ్యి మీదికి చేరాలి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో పోసి మరిగిస్తే పైకి నురగ వస్తుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. 8 లీటర్ల నీరా కాచితే సుమారు కిలో బెల్లం వస్తుంది కాబట్టి ఇంట్లో ఒక లీటరుకు దక్కేది అరకప్పుకు అటూఇటుగా పాకమే. రంగు తేనెరంగుకు తిరిగి, చెంచా వెనక పూత పట్టగానే దించాలి. అంతకు మించి కాస్తే మాడు చేదు వస్తుంది. ఈ పాకం జొన్నరొట్టె మీద నేతితో, దోసెలతో, సంక్రాంతి పరమాన్నంలో బెల్లం బదులు బాగుంటుంది. పరమాన్నంలో వేసేటప్పుడు పొయ్యి ఆపి, కాస్త చల్లారాక కలిపితే పాలు విరగవు. పాకాన్ని పూర్తిగా చల్లార్చి, తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, కొద్ది రోజుల్లో వాడేసుకోవాలి.